మైళ్ల రేకు

"లేస్తరా, లేకుంటే విస్తరి గూడ షెడ్డులకే పట్టుకరమ్మంటరా?"

రమాబాయి అడగడం ఇది మూడోసారి. ఈసారి చేతిలో కాఫీ గ్లాసు లేదు. రెండుసార్లు తెచ్చింది, రెండుసార్లూ చల్లారిపోయింది. ఇంక పాలు దండగ అనుకుంది.

వామన్‌రావు పాత హిల్మన్ కారులో స్టీరింగు ముందు బనీను మీదే కూర్చున్నాడు. పక్కనుంచి కొడుకు మురళీధర్ సగం లోపలికి దూరి మీటరు బిగిస్తున్నాడు. నిన్న సాయంత్రం మెకానిక్ ఖాజామియా దగ్గర్నుంచి న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చింది అదే.

"రేపు అత్తమ్మ తద్దినం. బ్రాహ్మలకు చెప్పినం. వంటాయన వచ్చి గంటసేపాయె, కూరలేంది, పచ్చళ్లేంది అని అడుగుతున్నడు. మీరేమో పొద్దుగాల్నుంచి ఈ డబ్బాల కూసున్నరు."

"బిగించినవారా?" వామన్‌రావు కొడుకునే అడిగాడు.

"అయిపోయింది బాపూ. కేబుల్ కొత్తది. ఇంక తిరుగుతది."

"లోపల ఏం మార్చలేదు గదా?"

"మీరు వద్దన్నరని ఏం ముట్టలేదు. ఎట్లున్నదో గట్లనే ఉన్నది."

మీటరు మీద అంకె కూడా ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంది. ఇరవై ఆరు. పదకొండేళ్లుగా అదే ఇరవై ఆరు. తల్లి పోయిన రోజున వామన్‌రావు ఈ కారుకు గుడ్డ కప్పించి షెడ్డు తలుపు వేశాడు. మళ్లీ తీసింది మొన్ననే. కరెంటాఫీసులో కొత్తగా ఉద్యోగం దొరికిన మురళీధర్, పాత కారైనా బాగుచేయించి నడుపుతానని పట్టుబట్టాడు. ఇంజను కదిలింది, బ్రేకులు పట్టాయి, మీటరొక్కటే మొరాయించింది. దాన్ని ఊడదీయించడమే కొంప ముంచింది.

రాత్రి అన్నం దగ్గర వాడు నవ్వుతూ చెప్పాడు. "ఖాజామియా ఏమన్నడో తెలుసా అమ్మా? ఈ మీటర్ మీద రేకు మైళ్లదట, లోపలి చక్రాలు కిలోమీటర్లవట. పైకొకటి, లోపలొకటి. రెంట్ల ఏది ఉంచాల్నో మీ బాపునడిగి చెప్పు అన్నడు."

నవ్వింది వాడొక్కడే. పాపం, వాడికేం తెలుసు? నాయనమ్మ పోయిననాడు వాడింకా లాగులేసుకునే పిల్లవాడు. రమాబాయి చేతిలో గంటె అట్లాగే ఆగిపోయింది. వామన్‌రావు చారన్నంలోనే చెయ్యి కడిగేసుకుని లేచాడు.

వకీలు వామన్‌రావంటే హైకోర్టులో పేరున్న మనిషి. సాక్షి నోట్లోంచి నిజం పీకడంలో ఆ కోర్టులో ఆయన తర్వాతే ఎవరైనా అనేవారు. అట్లాంటి మనిషి సొంత తమ్ముడి మీద ఎవరి సాక్ష్యం నమ్మాడయ్యా అంటే, ఈ మీటరుది. పెద్ద తెలివి!

"మీటర్ అబద్ధం చెప్తదని నాకెట్ల తెలుస్తది?" అన్నాడు ఇప్పుడు. పొద్దుట్నుంచి భార్యతో అన్న మొదటి మాట అదే.

"అది అబద్ధం చెప్పలేదు. కిలోమీటర్లు తిరిగింది, కిలోమీటర్లే చెప్పింది. మైళ్లని చదివింది మీరు."

"రమా!"

"ఎందుకు గుడ్లురుముతరు? జుమ్మేరాత్ బజార్ల మీటర్ కొనుక్కచ్చింది మీరే. పాత రేకు తీసెయ్యకు, అదే పైన బిగించు అని లొల్లి పెట్టింది మీరే. ఇంగ్లీషోళ్ల రేకు, నల్లటి రేకు, దాని అందం దానిదే అని మురిసింది మీరే."

అంతా నిజమే. పాత మీటరు చక్రాలు అరిగిపోతే, గురువారం సంతలో ఏదో కొత్తరకం కారు మీటరు దొరికింది. "ఊపర్ కా ప్లేట్ మేరా హీచ్ రఖో" అని అప్పటి మెకానిక్కుకు తనే చెప్పాడు. వాడేదో చెప్పబోయాడు కూడా. వామన్‌రావు వినలేదు. కోర్టుకు వేళైందని విసుక్కున్నాడు. ఇంటి షెడ్డులోనే మీటరును సున్నాల మీద బిగించిన పూటే తల్లి గోదాబాయికి ఆయాసం ఎక్కువైంది. సికింద్రాబాద్ మారేడుపల్లిలో ఉన్న డాక్టరును తెమ్మని తమ్ముణ్ణి అదే కారులో పంపాడు.

తమ్ముడు ఆనందరావు డాక్టరుతో వచ్చేసరికి తల్లి లేదు.

లాల్‌దర్వాజా లోని ఇంటి నుంచి మారేడుపల్లి ఎనిమిది మైళ్లు. పోనూ రానూ పదహారు. మీటరులో ఇరవై ఆరు! మిగతా పది మైళ్లు ఏమైనట్టు? నల్లకుంటలో కమలకుమారి ఇల్లుంది. బందరు నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తాగారి అమ్మాయి. ఆనందరావు ఆమెను చేసుకుంటానని అప్పటికి నెల్లాళ్లుగా ఇంట్లో గొడవ. ఇంకేం, వకీలుగారికి కేసు తేలిపోయింది. పాడె లేవకముందే తమ్ముణ్ణి చెయ్యి పట్టి కారు దగ్గరికి ఈడ్చుకొచ్చాడు. "అమ్మ చస్తుంటే దాన్ని ఎక్కించుకొని షికారు చేసినవారా?" అని నలుగురిలో అడిగాడు. ఆనందరావు ఆ అంకె చూసి బిత్తరపోయాడు. "ఎక్కడికీ పోలే" అన్నాడు తప్ప మిగతా మైళ్లకు లెక్క చెప్పలేకపోయాడు. ముద్దాయి తడబాటును వకీలు నేరం కింద రాసుకున్నాడు.

డాక్టరు అప్పుడు గుమ్మంలోనే ఉన్నాడు. ఒక్క మాట అడిగితే అయిపోయేది. పరాయి మనిషి ముందు ఇంటి గుట్టు విప్పుతామా అని పరువుకు పోయి ఆయన్ను అడగలేదు. ఆ డాక్టరూ ఇప్పుడు లేడు.

"నడు," అన్నాడు వామన్‌రావు కొడుకుతో. "స్టార్ట్ చెయ్. మారేడుపల్లి పోయి వద్దాం."

"ఇప్పుడా? ఖాజామియా చెప్పిండు గద బాపూ. ఇంక చూసేదేముంది?"

"నేను చూడాలె."

రమాబాయి తలుపు పట్టుకుంది. "చూడుండ్రి. చూసినంక దబీర్‌పురా పోతరా, పోరా? గది చెప్పుండ్రి ముందుగాల."

ఆయన స్టీరింగు కొడుక్కు వదిలి పక్క సీట్లోకి జరిగాడు. ఆనందరావు ఉండేది దబీర్‌పురాలోనే, స్టేషను వెనక. నడిస్తే అరగంట. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూడక పదకొండేళ్లు. వేరుపడని అన్నదమ్ములైతే తద్దినం ఒక్కచోటే పెట్టాలి. అన్న పెడుతుంటే తమ్ముడు పక్కన కూర్చుని దర్భతో అన్నను ముట్టుకుని ఉండాలి. అప్పుడే చేసింది ఇద్దరికీ చెందుతుంది. తల్లి పదోరోజున ఆనందరావు అట్లాగే దర్భ చాపితే, "నన్ను ముట్టుకోకు" అన్నాడు వామన్‌రావు. అతను లేచి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి తన ఇంట్లో తను వేరే పెట్టుకుంటున్నాడు.

"ఒక్క తల్లికి, ఒక్క పూట, రెండిండ్లల్ల తద్దినం," అంది రమాబాయి. "అత్తమ్మ ఏ ఇంటికి రావాలె? ఇక్కడ తినాల్నా, అక్కడ తినాల్నా?"

"పోత. పోయి తీసుకొస్త."

"మీటర్ సంగతే చెప్పి తీసుకొస్తరా? అత్తమ్మతోని మీరన్నది గూడ చెప్తరా?"

వామన్‌రావు చప్పున ఆమె వైపు తిరిగాడు.

"నేను విన్న," అంది ఆమె నెమ్మదిగా. "తులసి నీళ్లకని లేచిన. ఆమె 'ఆనంద్ వచ్చిండా, ఆనంద్ వచ్చిండా' అని ఒకటే పలవరింత. 'వాడు రాడమ్మా, ఎదురుచూడకు' అన్నరు మీరు. గుమ్మం దాటుతుంటే నా చెవుల పడ్డది. నీళ్లు తెచ్చేసరికి పానం పోయింది. ఇన్నేండ్లు నోరు మూసుకున్న. ఇంక మూసుకోను. అది చెప్పకుండ తీసుకొస్తే, రేపు ఆ విస్తర్ల ముందు ఎట్ల కూసుంటరో కూసోండ్రి."

కారు బయల్దేరింది.

శాలిబండ దిగి, చార్మినార్ చుట్టి, నయాపూల్ మీదికి వచ్చింది. ఆదివారం కాబట్టి హైకోర్టు గేటు మూసి ఉంది. రోజూ తల ఎత్తి చూసే ఆ గుమ్మటాల వైపు వామన్‌రావు ఇవాళ చూడలేదు. ఆయన కళ్లు మీటరు మీదే ఉన్నాయి. చివరి చక్రం మెల్లగా పైకి పొర్లేది, అంకె మారేది.

ట్యాంక్‌బండ్ దాటాక మురళీధర్ ఉండబట్టలేక అడిగాడు. "చిన్నబాపు అప్పుడేమన్నడు?"

"ఎక్కడికీ పోలే అన్నడు."

"మీరేమన్నరు?"

"జర తొవ్వ చూసి నడుపు."

మారేడుపల్లిలో డాక్టరు ఇల్లు లేదు. పడగొట్టి రెండంతస్తులు లేపారు. కాంపౌండు గోడ మాత్రం పాతదే. దాని ముందు ఆగారు. ముప్పై తొమ్మిది.

"పదమూడు తిరిగింది," అన్నాడు మురళీధర్. "ఎనిమిది మైళ్లంటే పదమూడు కిలోమీటర్లు. సాఫ్ తేలిపోయింది బాపూ. వాపసు గూడ చూడాల్నా?"

"చూడాలె."

ఎందుకు చూడాలో ఆయనకే తెలియదు. తిరిగి వస్తున్నంతసేపూ ఆయన లోపల ఒక పాడు ఆశ మెదులుతూనే ఉంది. ఎక్కడో లెక్క తప్పుతుంది, ఇరవై ఆరు కాకుండా ఇరవయ్యో ఇరవై రెండో వస్తుంది, తమ్ముడు నిజంగానే ఎక్కడో తిరిగాడని తేలుతుంది, తను అన్నదంతా న్యాయమే అవుతుంది. ఛీ, ఇదేం బుద్ధి అని తనను తానే తిట్టుకున్నాడు. ఆశ మాత్రం చావలేదు.

లాల్‌దర్వాజాలో సొంత గేటు ముందు కారు ఆగినప్పుడు మీటరు యాభై రెండు చూపించింది. ఇరవై ఆరు మీద సరిగ్గా ఇంకో ఇరవై ఆరు.

రమాబాయి గేటు దగ్గరే నిలబడి ఉంది. మొగుడి ముఖం చూసింది. లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తెచ్చి కారు కిటికీలోంచి అందించింది.

"బనీను మీద పోకుండ్రి," అంది. "మొదటిసారి ఆ ఇంటి గడప తొక్కుతున్నరు."

*

దబీర్‌పురాలో తలుపు తీసింది కమలకుమారి. వాకిట్లో మనిషిని చూసి ఒక్క అడుగు వెనక్కి వేసి, కొంగు భుజం నిండా కప్పుకుంది. ఆమె వాళ్ల కుటుంబానికి కోడలై ఇన్నేళ్లైనా బావగారిని ఇంత దగ్గర్నుంచి చూడడం ఇదే.

"రండి బావగారూ. లోపలికి రండి. ఆయన ఇంట్లోనే ఉన్నారు." తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "గోదా! చాప వెయ్యమ్మా. పెదనాన్నగారు వచ్చారు."

తల్లి పేరే తమ్ముడు కూతురికి పెట్టుకున్నాడని వామన్‌రావుకు తెలుసు. ఆ పేరు పెట్టి ఆ పిల్లను పిలవగా వినడం మాత్రం ఇదే మొదలు. గడప దగ్గరే ఆగిపోయాడు.

ఆనందరావు తుండుతో తల తుడుచుకుంటూ వచ్చాడు. చెవుల పక్క జుట్టు నెరిసింది. బొజ్జ వచ్చింది. అన్నను చూసి తుండు భుజం మీద వేసుకున్నాడు.

"వదినెకు బాగనే ఉన్నదా?" అన్నాడు. అన్న ఆ గడప ఎక్కడానికి ఏదో కీడు జరిగి ఉండాలి తప్ప వేరే కారణం ఆనందరావుకు తోచలేదు.

"అందరు బాగున్నరు."

"మరేంది?"

కోర్టులో గంటలు గంటలు వాదించే మనిషికి రెండు వాక్యాలు చెప్పడానికి చెమటలు పట్టాయి. "ఆ మీటర్... కారు మీటర్ ఖరాబున్నదిరా. లోపల కిలోమీటర్లది. పైన మైళ్ల రేకు. ఇప్పుడే మారేడుపల్లి పోయి చూసొచ్చిన. తిన్నగ పోయి తిన్నగ వచ్చినా ఇరవై ఆరే వస్తది."

కమలకుమారి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వేడికి పోలేదు," అన్నాడు వామన్‌రావు.

"నేను గదే చెప్పిన గదన్నా."

"చెప్పినవు."

ఆనందరావు చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "ఒక్కటి చెప్తె నవ్వుతవు. ఆ అంకె చూసినంక నాకే అనుమానమొచ్చింది. నేనేడన్న తొవ్వ తప్పిన్నా అని. పరేషాన్ల ఏ గల్లీలన్న పడి తిరిగిన్నా, అందుకే అమ్మకు డాక్టర్ అందలేదా అని. డాక్టర్ పూజల కూసున్నడు, లేచేదాక వాకిట్ల నిలబడ్డ. అది యాదికున్నది. ఆ పది మైళ్లు మాత్రం యాదికి రాకపాయె. ఎన్నిసార్లో ఆ రోడ్లన్ని నడిచిన అన్నా. అఫ్జల్‌గంజ్ నుంచి అబిడ్స్, అబిడ్స్ నుంచి ట్యాంక్‌బండ్. ఎక్కడ తప్పిన, ఎక్కడ తప్పిన అనుకుంట."

"ఆదివారం వస్తే చాలు, ఎటో వెళ్లిపోయేవారండీ," అంది కమలకుమారి. "ఎక్కడికండీ అంటే ఊరికే నడిచొస్తాననేవారు."

వామన్‌రావు చాప మీద కూలబడ్డాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. పట్టుకోవడానికి ఆకైనా కనపడలేదు ఆయనకు.

"తప్పు చేసినరా ఆనంద్. పెద్ద తప్పు చేసిన."

"ఒక్కటి అడుగుత. ఆ మీటర్ మంచిగనే ఉండి, నా తప్పే అని తేలితే, ఇయ్యాల వస్తుంటివా?"

వామన్‌రావు చాప ఈనె ఒకటి గిల్లాడు. అది చూసి తమ్ముడే ఆయన్ను వదిలేశాడు.

"పోనీ తియ్. అయిందేదో అయింది. రేపు బ్రాహ్మలు ఎన్నిటికి వస్తున్నరు?"

"పది గంటలకు." వామన్‌రావు తలెత్తాడు. "నువ్వు రావాలె. పక్కన కూసోవాలె. నువ్వు ముట్టుకుంటేనే సంకల్పం చెప్త."

ఆనందరావు కళ్లు తుడుచుకున్నాడు. దాచుకోలేదు. "కమలా, మన భోక్తలకు వద్దని కబురు పంపు. ఇంక ఒక్కటే ఇల్లు, ఒక్కటే తద్దినం." అన్న చెయ్యి పట్టి లేపి గుమ్మం వైపు నడిచాడు. "పా అన్నా, కారు చూస్త. మురళి నడుపుతున్నడా? గింతుండె వాడు."

గోడవారన చెప్పులున్నాయి. ఒక కాలు దూర్చి, రెండో చెప్పు కోసం కాలు చాపి ఆగాడు.

"అన్నా, అమ్మ నన్ను అడిగిందా?"

ఎంత తేలిగ్గా అడిగాడో! ఎన్నేళ్లుగానో దాచుకున్న ప్రశ్న, ఇప్పుడు అన్న దొరికాడు కాబట్టి అడుగుతున్నాడు. అడగలేదురా, మగతగా ఉండె అని ఒక్క మాట అంటే చాలు. ఇద్దరూ కారెక్కవచ్చు. తమ్ముణ్ణి తెచ్చానని రమాబాయికి సంతోషంగా చెప్పవచ్చు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

రేపు దర్భ పట్టుకుని తమ్ముడు తనను ముట్టుకుంటాడు. ఆ మాట కడుపులో పెట్టుకుని ఆ చెయ్యి ఎట్లా తగలనివ్వడం?

"అడిగింది," అన్నాడు వామన్‌రావు. "ఆనంద్ వచ్చిండా, ఆనంద్ వచ్చిండా అని అదే అడిగింది."

"నువ్వేం చెప్పినవు?"

"వాడు రాడు, ఎదురుచూడకు అన్న."

వాకిట్లో కారు ఇంజను చప్పుడు వినిపిస్తోంది. మురళీధర్ ఆపలేదు.

"గట్లెందుకన్నవు?" ఆనందరావు గొంతులో కోపం లేదు. చిన్నపిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"ఆలస్యమైతుంటే కోపమొచ్చింది. ఆ కమల ఇంటికి పోయి ఉంటవని... మీటర్ చూడకముందే నేననుకున్నరా. మీటర్ చూసింది తర్వాత."

ఈ మాట రమాబాయికి కూడా తెలియదు. వామన్‌రావుకైనా పైకి అనేదాకా తెలుసో లేదో. ఇన్నేళ్లూ నేరమంతా మీటరు మీద పెట్టుకుని బతికాడు.

కమలకుమారి తల వంచుకుంది. ఆనందరావు తలుపు రెక్క పట్టుకున్నాడు.

"అమ్మ ఏమన్నది దానికి?"

"వద్దురా."

"ఏమన్నదన్నా?"

"'వానికేదో అడ్డం పడి ఉంటది. వాడు వచ్చినంక వాన్ని ఏమనకురా' అన్నది." వామన్‌రావు తమ్ముడి ముఖంలోకి చూడలేకపోయాడు. "గదే ఆఖరి మాట. మల్ల మాట్లాడలేదు."

ఆనందరావు కాలు చెప్పులోంచి వెనక్కి తీశాడు. అన్న వైపు చూడకుండా, గోడ పట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాడు. ఏదో అడగబోయిన కూతుర్ని దాటుకుంటూ పోయాడు.

కమలకుమారి గుమ్మం మధ్య నిలబడిపోయింది. ఇటు బావగారు, అటు మొగుడు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ లోపలి వైపు తిరిగి అడిగింది.

"ఏమండీ, భోక్తలకు వద్దని కబురు పంపించనా?"

లోపల్నుంచి జవాబు రాలేదు.

వామన్‌రావు వెళ్లలేదు. లోపలి గడప ఇవతలే నిలబడి, ఆ జవాబు కోసం ఎదురుచూశాడు.